స్తంభం లేని వంతెన ఎక్కడికి పోయింది?

బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఐదుంబావు మీటర్ల పొడవు, జానెడు పైచిలుకు వెడల్పు ఉన్న పట్టుగుడ్డ చుట్ట ఒకటి భద్రంగా ఉంది. పన్నెండో శతాబ్దం తొలినాళ్ళలో జాంగ్ జెదువాన్ అనే చిత్రకారుడు దాని మీద ఒక మహానగరాన్నీ, ఆ నగరానికి తిండి మోసుకొచ్చే కాలువనీ గీశాడు. నగరం ఉత్తర సోంగ్ రాజుల రాజధాని, ఇప్పటి కైఫెంగ్. కాలువ పేరు బియెన్. బొమ్మ పేరు ‘చింగ్‌మింగ్ షాంగ్‌హ తూ’. కుడి నుంచి ఎడమకి విప్పుకుంటూ పోతే పొలాలు, గాడిదలు, సరుకు పడవలు దాటాక, ఇంచుమించు నడిమి భాగంలో ఒక కొయ్య వంతెన వస్తుంది.

వంతెన మీద కాలు పెట్టే సందు లేదు. రెండు అంచులా గొడుగుల కింద అంగళ్ళు. ఒకవైపు నుంచి పల్లకీ, ఇంకోవైపు నుంచి గుర్రం ఎక్కిన మనిషి ఎదురుపడ్డారు. ఎవరు తప్పుకోవాలో తేలడం లేదు. కింద అంతకన్నా పెద్ద ఆపద వచ్చిపడింది. ఓ పెద్ద పడవ వంతెన దాకా వచ్చేసింది గానీ తెరచాప కొయ్య ఇంకా పూర్తిగా వాలలేదు. పడవ వాళ్ళు గడలు వేసి తోస్తున్నారు, కప్పు మీదికెక్కి చేతులు ఊపుతున్నారు. పైనున్న జనం కటకటాల మీంచి వంగి అరుస్తున్నారు.

బొమ్మ చూసేవాళ్ళ కళ్ళన్నీ ఆ పడవ మీదే ఆగుతాయి. చిక్కుముడి మాత్రం ఆ జనం కాళ్ళ కింద ఉంది. అంత బరువు మోస్తున్న వంతెనకి నీళ్ళలో ఒక్క స్తంభం లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకే దూకుడు. రాతి కమానా అంటే కాదు. దూలాల కొసలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. తాంగ్ హువాన్‌చెంగ్ అనే ఇంజినీరు బొమ్మలోని మనుషుల ఎత్తుతో పోల్చి వేసిన అంచనా ప్రకారం ఒడ్డు నుంచి ఒడ్డుకి దూరం 18 మీటర్లు దాటుతుంది. అంత పొడవున ఒకే దూలం వేస్తే దాని బరువుకి అదే వంగిపోతుంది. మరి ఇదెలా నిలబడింది? దీన్ని మొదట కట్టింది ఎవరు? కైఫెంగ్‌లో దీని ఆనవాలు కూడా మిగలనప్పుడు, వందల కిలోమీటర్ల దక్షిణాన కొండ వాగుల మీద, పెంకుల కప్పులు వేసుకుని, అచ్చం ఇలాంటి ఎముకల గూడుతో నిలబడ్డ వంతెనలు దీని సంతానమేనా? రాజధాని కూలినప్పుడు ఈ వంతెన కూడా వలస వెళ్ళిందా?

బొమ్మనే సాక్ష్యంగా తీసుకుంటున్నాం కాబట్టి ముందు బొమ్మ గీసిన మనిషిని నమ్మవచ్చో లేదో తేల్చుకోవాలి. జాంగ్ జెదువాన్ గురించి మనకి తెలిసింది చాలా కొద్ది. 1186లో ఆ చుట్టకి చేర్చిన ఒక రాతలో ఆయన ఊరు షాన్‌డోంగ్ ప్రాంతమనీ, చదువు కోసం రాజధానికి వచ్చాడనీ, గీతబద్దతో కట్టడాలు గీసే పనిలోనూ పడవలు, బళ్ళు, వంతెనలు గీయడంలోనూ ఆరితేరాడనీ ఉంది. వంతెనలు ఆయన చేయి తిరిగిన విషయం. పైగా ఆయన గీసిన పడవల్లో చుక్కాని కట్టిన తీరు, తెరచాప కొయ్య మడతబడే తీరు చూసి నౌకా చరిత్రకారులు వాటిని నిజమైన పత్రాల్లాగే వాడుకుంటారు. అంత శ్రద్ధగా పడవ గీసినవాడు వంతెన దగ్గర ఊహలు పోయాడని అనుకోవడానికి కారణం కనబడదు.

రెండో సాక్షి ఇంకా బలమైనవాడు. కైఫెంగ్‌లో బతికి, అది శత్రువుల చేతికి పోయాక దక్షిణానికి పారిపోయిన మెంగ్ యువాన్‌లావ్ తన నగరాన్ని వీధి వీధినా తలుచుకుంటూ పుస్తకం రాశాడు. దాని ముందుమాట తేదీ 1147. తూర్పు నీటి ద్వారం బయట ఏడు లీల (అప్పటి దూరపు కొలత) దూరాన ఒక వంతెన ఉండేదనీ, దానికి స్తంభాలు లేవనీ, పెద్ద పెద్ద దూలాలను ఎత్తి నిలిపి ఎర్రరంగు వేసి కట్టారనీ, ఆకాశంలో ఇంద్రధనుస్సులా కనిపించేదనీ అందులో చెప్పాడు. అదే తీరు వంతెనలు ఇంకో రెండు ఉన్నాయని కూడా చేర్చాడు. బొమ్మలోది ఆ మూడింటిలో ఏదన్న వాదన ఎలా తేలినా మనకి నష్టం లేదు. అలాంటి కట్టడం ఒక చిత్రకారుడి సరదా కాదని, నగరంలో రోజూ జనం దాటిన వంతెన అని రూఢి అయింది.

మూడో ఆధారం నకళ్ళలో ఉంది. ఈ బొమ్మ ఎంత పేరు పొందిందంటే తర్వాతి శతాబ్దాల్లో దీన్ని చూసీ, దీని గురించి వినీ ఎందరో మళ్ళీ మళ్ళీ గీశారు. మింగ్ కాలపు ప్రతుల్లో, చింగ్ చక్రవర్తి ఆస్థానంలో 1736లో పూర్తయి ఇప్పుడు తైపేలో ఉన్న ప్రతిలో వంతెన దగ్గర ఆగి చూడండి. జనం ఉన్నారు, అంగళ్ళున్నాయి, పడవా ఉంది. వంతెన మాత్రం రాతి కమానుగా మారిపోయింది. చిత్రకారులు తాము రోజూ చూసే వంతెననే గీశారు. కొయ్య దూలాల వంతెన వాళ్ళ కంటి ముందు లేదు. అంటే నగరంలోనే కాదు, చిత్రకారుల జ్ఞాపకంలోంచి కూడా అది అప్పటికే చెరిగిపోయింది.

చెరిగిపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. 1127లో జుర్చెన్‌ల సేనలు కైఫెంగ్‌ని కొల్లగొట్టాయి. రాజవంశంలో మిగిలినవాళ్ళు దక్షిణానికి పోయి ఇప్పటి హాంగ్‌జౌని రాజధాని చేసుకున్నారు. ధాన్యం పడవలు ఆగాయి, పట్టించుకునేవాళ్ళు లేక బియెన్ కాలువ పూడిపోయింది. ఆ పైన పచ్చనది వరదలు. కట్టలు తెగిన ప్రతిసారీ ఒండ్రు పొర మీద పొర పేరుకుని సోంగ్ కాలపు వీధులు కొన్ని మీటర్ల లోతున సమాధి అయ్యాయి. అంత మట్టి కింద కొయ్య వంతెన కోసం వెతకడం అడియాసే.

ఇక బొమ్మ కూడా కనబడకుండా పోయే రోజు వచ్చింది. గద్దె దిగిన చివరి చక్రవర్తి పూయీ 1920లలో రాజభవనంలోంచి తరలించిన సంపదలో ఈ చుట్ట కూడా ఉంది. అది ఆయన వెంట మంచూరియా దాకా వెళ్ళింది. 1945లో ఆయన పారిపోతుంటే పట్టుబడ్డ సామానులో దొరికిన చిత్రాలు ఈశాన్య చైనాలో ఒక మ్యూజియం గోదాముకి చేరాయి. 1950 ప్రాంతంలో యాంగ్ రెన్‌కాయ్ అనే నిపుణుడు అక్కడి నకళ్ళ గుట్టలో అసలుదాన్ని గుర్తుపట్టాడు. తర్వాత బీజింగ్‌లో ప్రదర్శనకి పెడితే, చూడటానికి వచ్చినవాళ్ళలో తాంగ్ హువాన్‌చెంగ్ ఒకడు. యాంగ్‌జీ నది మీద ఊహాన్ దగ్గర 1957లో పూర్తయిన మహావంతెన రూపకల్పనలో పాలుపంచుకున్న ఇంజినీరు ఆయన. కళాచరిత్రకారులు పడవని చూసిన చోట ఆయన దూలాలు లెక్కపెట్టాడు.

ఆయన విప్పిన కట్టడం ఇది. ఒకే వంతెనలో రెండు వరసల దూలాలు ఉన్నాయి. మొదటి వరసలో మూడు సమాన దూలాలు: ఒకటి ఈ ఒడ్డు నుంచి పైకి, ఒకటి నడిమిన అడ్డంగా, ఒకటి ఆ ఒడ్డుకి దిగుతూ. రెండో వరసలో నాలుగు: నడిమిన రెండు పొడుగువి కలిసి శిఖరం అవుతాయి, చివరల్లో రెండు పొట్టివి ఒడ్డుకి ఆనుతాయి. ఏ వరసనైనా విడిగా నిలబెడితే అతుకుల దగ్గర కుప్పకూలుతుంది. కిటుకు ఏమిటంటే, ఒక వరసలోని అతుకు సరిగ్గా ఇంకో వరసలోని దూలం నడుము మీద పడేలా పక్కపక్కన పేర్చి, అతుకు అతుక్కీ అడ్డంగా ఒక దుంగ దూర్చారు. తాటాకు చాపలో ఒక ఆకు పైనుంచి, ఒక ఆకు కిందినుంచి పోయినట్టు అడ్డదుంగలు ఒక వరసకి పైనా, ఇంకో వరసకి కిందా పోతాయి. పైన బరువు పడేకొద్దీ దూలాలు ఒకదాన్నొకటి నొక్కుకుని బిగుసుకుంటాయి. చిన్న చిన్న చెట్లతో పెద్ద దూరం దాటే విద్య ఇది. ఏడు పెన్సిళ్ళు, అడ్డంగా పెట్టడానికి అయిదు పుల్లలు తీసుకుని ఎవరైనా బల్ల మీద ప్రయత్నించవచ్చు. రెండు చివరలూ జారకుండా పుస్తకాలు ఆనించడం మరవకూడదు. ఒడ్డు గట్టిగా లేకపోతే ఈ వంతెన లేదు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మొదట కట్టింది ఎవరన్న ప్రశ్నకి జవాబు చెప్పే పాత పుస్తకంలోనూ ఒడ్డు ప్రస్తావన వస్తుంది.

నిలబడిన తీరు తెలిసింది. ఇప్పుడు ఎవరు అన్న ప్రశ్న. ఇక్కడ ఇద్దరు పెద్దమనుషుల సాక్ష్యాలు ఒకదాంతో ఒకటి పొసగవు. మహాకవి సూ షి, ఒకప్పుడు తనకి పైఅధికారిగా ఉన్న చెన్ షీల్యాంగ్ జీవితచరిత్ర రాస్తూ, స్తంభాలు లేని ఎగిరే వంతెనను మొదలుపెట్టిన ఘనత ఆయనదే అన్నాడు. చెన్ షీల్యాంగ్ బియెన్ ఒడ్డునున్న సూజౌకి పాలకుడు. ఈ సూజౌ అన్హుయ్ ప్రాంతంలోది, పట్టుకి పేరుపడ్డ సూజౌ వేరు. బియెన్ నీళ్ళు పచ్చనది నుంచి వచ్చేవి. ఉరవడి ఎక్కువ, ఒండ్రు ఎక్కువ. రాజధానికి దక్షిణం నుంచి ఏటా 60 లక్షల షి (అప్పటి కొలమానం) ధాన్యం రావాలని లెక్క. అదంతా పడవల మీదే. వంతెన స్తంభాలకి కొట్టుకుని పడవలు పగిలేవి, పడవల దెబ్బకి వంతెనలూ కూలేవి. చెన్ స్తంభాలు తీసేసిన వంతెన కట్టించాడు. రాజు మెచ్చి పట్టుబట్టలు బహూకరించి, ఆ పద్ధతినే కాలువ పొడుగునా అమలు చేయించాడని సోంగ్ వంశ అధికారిక చరిత్ర చెబుతుంది. బొమ్మలో ఆ తెరచాప కొయ్య పడవకి ఎందుకంత చోటు ఇచ్చారో ఇప్పుడు తెలుస్తోంది. ఆ వంతెన పుట్టిందే పడవల కోసం.

కవి, చరిత్ర, రాజు ముగ్గురూ ఒకే మాట మీద ఉంటే ఇంకెవరి మాటా వినక్కర్లేదనిపిస్తుంది. కానీ వాంగ్ పిజ్ అనే ఇంకో రచయిత ఉన్నాడు. ఆయనది షాన్‌డోంగ్‌లోని చింగ్‌జౌ ప్రాంతం. పదకొండో శతాబ్దం చివర రాసిన తన వ్యాసాల పుస్తకంలో ఆయన కథని ఇంకో పదేళ్ళు వెనక్కి తీసుకెళ్ళాడు. చింగ్‌జౌ ఊరి నడుమ నది పారుతుంది. నీళ్ళలో స్తంభాలు పాతి వంతెన వేసేవాళ్ళు. వానాకాలం వరద రాగానే స్తంభాలు కొట్టుకుపోయేవి. ఏటా ఇదే గొడవ. 1032-33 ప్రాంతంలో షియా సోంగ్ అక్కడ పాలకుడిగా ఉండగా, శిక్షపడ్డవాళ్ళతో నింపిన దళంలో పనిచేసి వయసుడిగిన ఒక మాజీ సైనికుడు ముందుకొచ్చాడు. మనిషిది చురుకైన బుర్ర. రెండు ఒడ్లనూ పెద్ద పెద్ద రాళ్ళతో కట్టించాడు. కొన్ని పదుల దూలాలు తెప్పించి ఒకదాంతో ఒకటి లంకె వేసి, స్తంభం లేకుండా వంతెన ఎగరేశాడు. యాభై ఏళ్ళు దాటినా అది చెక్కుచెదరలేదని వాంగ్ పిజ్ రాశాడు. చెన్ షీల్యాంగ్ తర్వాత 1040లలో సూజౌలో వేయించింది ఈ చింగ్‌జౌ వంతెనను చూసి చేసిన నమూనానే అని కూడా స్పష్టంగా చెప్పాడు.

ఎవరిని నమ్మాలి? నేను వాంగ్ పిజ్ పక్షమే. సూ షి రాసింది ఒక పెద్దమనిషి ఘనత చెప్పే జీవితచరిత్ర. అందులో మంచి పనులన్నీ కథానాయకుడి ఖాతాలో పడటం సహజం. వాంగ్ పిజ్‌కి ఆ ముసలి సైనికుణ్ణి పొగిడి సంపాదించుకునేది ఏమీ లేదు. తన ప్రాంతపు వంతెన గురించి రాశాడు. వరద ఎప్పుడొస్తుందో, పాత స్తంభాలు ఎందుకు పడేవో అతనికి తెలుసు. ఒడ్డును రాళ్ళతో కట్టిన సంగతి చెప్పడం అన్నింటికన్నా గట్టి గుర్తు. వంతెన ఎలా నిలబడుతుందో తెలియనివాడు ఆ మాట రాయడు. వినేవాళ్ళకి దూలాల మాట గొప్పగా ఉంటుంది, రాళ్ళ మాట కాదు. అది పని దగ్గరనుంచి వచ్చిన వివరం. చెన్‌కి దక్కాల్సిన గౌరవం తక్కువేమీ కాదు. మంచి పద్ధతిని ఊరు దాటించి కాలువ పొడుగునా పరిచింది ఆయనే. పాలకుడి పేరు, అధికారి పేరు, కవి పేరు మిగిలాయి. ఆ ముసలివాడి పేరు అడిగి రాసుకోవాలని ఒక్కరికీ తోచలేదు. తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత చదువుతున్నా ఆ ఖాళీ మనసుని గుచ్చుతుంది.

ఇప్పటికి మనకి తెలిసిన దారి: చింగ్‌జౌ, సూజౌ, కైఫెంగ్. 1127 తర్వాత మౌనం. 1950లలో తాంగ్ తన పరిశోధన రాసేనాటికి ఈ విద్య ప్రపంచంలో ఎక్కడా మిగల్లేదనే అభిప్రాయం.

ఆ మౌనం 1980 ప్రాంతంలో చెదిరింది. చైనా పాత వంతెనల సాంకేతిక చరిత్ర రాయడానికి మావ్ యీషెంగ్ సంపాదకత్వంలో పెద్ద ప్రయత్నం జరుగుతోంది. ఆ సర్వేల్లో జెజియాంగ్ దక్షిణ కొండల్లోంచి, ఆ పక్క ఫుజియాన్ నుంచి వింత వార్తలు వచ్చాయి. పైనుంచి చూస్తే పొడవాటి ఇల్లు. పెంకుల కప్పు, పక్కలకి చెక్క పలకలు, లోపల కూర్చోడానికి బల్లలు, నడిమిన దేవుడి గూడు. కింద వాగులోకి దిగి తలెత్తి చూస్తే మూడు దూలాల వరస, దాని సందుల్లోంచి అల్లుకుపోయిన ఇంకో వరస, నీళ్ళలో స్తంభం లేదు. కొన్ని కట్టి వంద, రెండు వందల ఏళ్ళయినా జనం రోజూ దాటుతూనే ఉన్నారు. షౌనింగ్ కౌంటీలో 1800లో కట్టిన లువాన్‌ఫెంగ్ వంతెన ఒకే దూకుడులో 37 మీటర్లు దాటుతుంది. బియెన్ మీది వంతెనకి ఇది రెట్టింపు. అంతరించిందనుకున్న విద్యకి కొండల్లో వందకు పైగా సజీవ సాక్ష్యాలు దొరికాయి.

తాంగ్ లాంటి వాళ్ళకి కలిగిన ఆనందం ఊహించుకోవచ్చు. వెంటనే కథ కుదిరిపోయింది. రాజధాని కూలింది, ఆస్థానం హాంగ్‌జౌకి వచ్చింది, వెంట పనివాళ్ళూ వచ్చారు. హాంగ్‌జౌ ఉన్నదీ జెజియాంగ్‌లోనే, వంతెనల కొండలూ అటు పక్కనే. ఇంద్రధనుస్సు వంతెన వలస వచ్చి కొండల్లో స్థిరపడింది! ఈ కథ చాలా పుస్తకాల్లో, పర్యాటక ఫలకాల మీద నేటికీ కనిపిస్తుంది. కథ అందమైనది. దాన్ని పరీక్షించాల్సింది మాత్రం వంతెనల దగ్గరే.

తేదీలతో మొదలుపెడదాం. పింగ్‌నాన్ కౌంటీలోని వాన్‌ఆన్ వంతెన పుట్టింది 1090లో అంటారు. ఆ అంకెను వలస వాదులు గర్వంగా చెప్పుకుంటారు. ఒక్క క్షణం ఆలోచిస్తే అది వాళ్ళకే ఎదురు తిరుగుతుంది. 1127లో పారిపోయి వచ్చినవాళ్ళు తెచ్చిన విద్య 1090లోనే అక్కడ ఎలా ఉంటుంది? పైగా ఆ చోట మొదట వంతెన వేసిన సంవత్సరం వేరు, మన కాలం దాకా నిలిచిన కట్టడం వయసు వేరు. వాన్‌ఆన్ 98.2 మీటర్ల పొడవు ఉండేది, ఆరు దూకుళ్ళు, వాటి మధ్య అయిదు రాతి దిమ్మలు. నిప్పుకీ నీటికీ బలై ఎన్నోసార్లు తిరిగి లేచింది. 1952 వరదలో కొంత భాగం పోతే 1954లో కట్టారు. 1090 నాటి వంతెన ఈ అల్లికతోనే ఉందని చెప్పే దూలం ఒక్కటీ లేదు.

తాయ్‌షున్ కౌంటీలోని సాన్‌త్యావ్ వంతెన దగ్గర ఆధారం ఇంకా ఆసక్తికరం. ఇప్పటి వంతెన 1843లో కట్టింది. అప్పుడు పాతదాన్ని విప్పుతుంటే తాంగ్ వంశపు చక్రవర్తి కాలపు, అంటే ఏడో శతాబ్దపు తేదీ ఉన్న పెంకులు దొరికాయని స్థానిక చరిత్ర నమోదు చేసింది. పెంకు ఉందంటే కప్పు ఉంది, అంటే అక్కడ అంత పాతకాలంలోనే కప్పుతో వంతెన ఉండివుండాలి. అయితే ఇప్పటి వంతెనకి కొంచెం ఎగువన బండరాయిలో తొలిచిన గుంటలున్నాయి. అవి పాత వంతెన కాళ్ళు దిగేసిన గుంటలు. 1843లో కట్టినవాళ్ళు చోటు కాస్త జరిపారన్నమాట. గుంటలు చెప్పే సంగతి స్పష్టం: పాత వంతెన కాళ్ళ మీద నిలబడింది. పెంకు కప్పు వయసు చెబుతుంది, అల్లిక వయసు చెప్పదు. ఈ చిక్కుముడిలో చాలామంది జారిపడ్డది ఇక్కడే.

అల్లిక వంతెనల్లో దూలం మీది రాతతో తేదీ తేలిన అతి పాతది చింగ్‌యువాన్ కౌంటీలోని రూలోంగ్. 1625లో కట్టింది. కైఫెంగ్ పతనానికీ దానికీ మధ్య ఐదు వందల ఏళ్ళు.

కొయ్య కుళ్ళిపోతుంది కాబట్టి ఆ ఖాళీని క్షమించవచ్చు అంటారా, అయితే అతుకుల దగ్గరికి రండి. వడ్రంగి చేతివాటం అతుకులోనే దొరుకుతుంది. బియెన్ వంతెనలో మూడు, నాలుగు దూలాల వరసలు. కొండ వంతెనలో మూడు, ఐదు. అది చిన్న తేడా అనుకుందాం. బియెన్ వంతెనలో పొడుగు దూలాలు అడ్డదుంగల మీదా కిందా పడుకుంటాయి, వాటిని కలిపి బిగిస్తారు. కొండ వంతెనలో అడ్డదుంగే అసలు ప్రాణం. లావాటి ఆ దుంగకి వరసగా బెజ్జాలు తొలిచి, ఒకవైపు నుంచి తొమ్మిది దూలాల కొసలు చెక్కి దిగేస్తారు. రెండో వైపు నుంచి ఇంకో తొమ్మిది. ఐదు దూలాల వరసకి ఎనిమిదేసి. ఇంత కష్టమైన పని బొమ్మలో కనిపించే పద్ధతికి అవసరమే లేదు. తేలిగ్గా కట్టే ఒక విద్య తెలిసినవాళ్ళు అంతకన్నా ఎన్నో రెట్లు కష్టమైన అతుకులోకి ఎందుకు వెళతారు? వాళ్ళు ఇంకో దారిన వచ్చి ఉంటే తప్ప.

ఆ ఇంకో దారి కూడా ఆ కొండల్లోనే కనిపిస్తుంది. వాగు చిన్నదైతే అడ్డంగా దూలాలు పరిచిన వంతెనలున్నాయి. ఇంకొంచెం వెడల్పయితే రెండు ఒడ్ల నుంచీ ఏటవాలు దన్ను ఇచ్చినవి ఉన్నాయి. ఇంకా పెద్దదైతే మూడు దూలాల విరుపు. దానికీ మించితే ఆ మూడింటిలోకి ఐదు అల్లినవి. మెట్టు మెట్టుగా ఒకే అతుకు పద్ధతి పెద్దదవుతూ పోయింది. ఎక్కడినుంచో పూర్తి రూపంలో దిగుమతి అయిన విద్యకి ఇన్ని మెట్లు ఉండవు. ఇక ఇలాంటి ఆలోచన రెండుసార్లు పుట్టడం అసాధ్యమేమీ కాదు. ఇటలీలో లియొనార్డో డావించి తన నోటు కాగితాల్లో దూలాలను ఒకదాని మీద ఒకటి అల్లి కట్టే వంతెన గీశాడు. ఆయనకి కైఫెంగ్ సంగతీ తెలియదు, ఫుజియాన్ సంగతీ తెలియదు. చెట్టు పొట్టిది, నది వెడల్పు. ఆ ఇబ్బంది ఉన్న ప్రతిచోటా చురుకైన బుర్ర ఒకటి ఉంటుంది.

కప్పు కూడా తేడాని బలపరుస్తుంది. బియెన్ వంతెనకి కప్పు లేదు. అది పెద్ద నగరపు రహదారి, బళ్ళు పోవాలి, వానకి పుచ్చిపోతే మార్చడానికి ప్రభుత్వం ఉంది. కొండ వంతెనకి కప్పే రక్ష. అక్కడ వానలెక్కువ. తడిసిన కొయ్య పదేళ్ళు నిలవదు, కప్పు కింద వందేళ్ళు నిలుస్తుంది. పైగా ఆ ఇంటి బరువే అల్లికని కిందికి నొక్కి పట్టి ఉంచుతుంది. ఖర్చు ఊళ్ళది, చందాలిచ్చినవాళ్ళది. వాళ్ళ పేర్లు, కట్టిన తేదీ, ప్రధాన మేస్త్రీ పేరు నల్లసిరాతో దూలాల మీద రాసేవారు. షౌనింగ్‌లోని షియావ్‌దోంగ్ ఊరి జెంగ్‌లు, పింగ్‌నాన్‌లోని హువాంగ్‌లు, జౌనింగ్‌లోని షియుకెంగ్ ఊరి జాంగ్‌లు తరతరాలుగా ఇదే పని చేశారు. షియుకెంగ్ జాంగ్‌ల దగ్గర వంతెన ఒప్పంద పత్రాలు మిగిలాయి. ఆ పత్రాలూ, ఆ దూలాల రాతలే ఇప్పుడు పరిశోధకులకి అసలు గ్రంథాలయం.

మేకుల మీద ఆధారపడని ఈ ఎముకల గూడుకి ఇంకో గుణం ఉంది. విప్పి మళ్ళీ కట్టవచ్చు. జలాశయాల ముంపులో పోవలసిన కొన్ని వంతెనలను ఇలాగే దూలం దూలం విప్పి, వేరే చోటికి తరలించి నిలబెట్టారు. అసలైన వలస అంటే ఇదీ! 2016 సెప్టెంబర్ 15న మెరాంటి తుపానుకి తాయ్‌షున్‌లో శ్వేజాయ్, వెన్‌షింగ్, వెన్‌జోంగ్ అనే మూడు పాత వంతెనలు ఒకే రోజు కొట్టుకుపోతే, దిగువ ఊళ్ళవాళ్ళు ఒడ్డుకి చేరిన దూలాలను ఏరి, మోసుకొచ్చి అప్పగించారు. పెద్ద దూలాల్లో చాలా భాగం దొరికాయి. ఏ బెజ్జంలో ఏ కొస దిగాలో మేస్త్రీలకి ఆ దూలాలే చెప్పాయి. 2017 చివరికల్లా మూడూ తిరిగి లేచాయి. 2022 ఆగస్టు 6 రాత్రి వాన్‌ఆన్ వంతెనకి అంటుకున్న నిప్పు అలాంటి అవకాశం ఇవ్వలేదు. నీరు తీసుకుపోయిన దూలాన్ని వెతికి తెచ్చుకోవచ్చు, బూడిదని తెచ్చుకోలేం. ఈ వంతెనలున్న ప్రతి ఊళ్ళో దీపాలు, అగరొత్తులు, కరెంటు తీగల మీద కాపలా ఉండాలని అడగడం అత్యాశ కాదు.

ఈ విద్యని యునెస్కో 2009లో అత్యవసరంగా కాపాడాల్సిన జాబితాలో పెట్టింది. హువాంగ్ చున్‌త్సాయ్, జెంగ్ దువోజిన్ లాంటి వృద్ధ మేస్త్రీలు కాంక్రీటు వచ్చాక వదిలేసిన పనిముట్లు మళ్ళీ పట్టుకున్నారు, పిల్లలకి నేర్పారు. 2024లో యునెస్కో దీన్ని ఆ ప్రమాదపు జాబితాలోంచి తీసి మామూలు ప్రాతినిధ్య జాబితాలోకి మార్చింది. తాంగ్ లెక్కలు కూడా వృథా పోలేదు. 1999లో ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం కోసం షాంఘై దగ్గర జిన్‌జెలో ఆయన సలహాతో బొమ్మలోని వంతెనను చిన్నదిగా కట్టారు. అది నిలబడింది.

దొరికిన ఆధారాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నా దృష్టిలో వలస కథ నిలబడదు. కైఫెంగ్ వంతెన కైఫెంగ్‌తోనే పోయింది. కొండ వంతెన కొండల్లోనే, వాగు వాగుకీ పెరుగుతూ పుట్టింది. 1127 దరిదాపుల్లో నరికిన చెట్టు దూలం ఒకటి, బొమ్మలోని అతుకు గుర్తులతో సహా ఆ కొండల్లో బయటపడితే ఈ తీర్పుని తిరగరాయాలి. అంతవరకూ బియెన్ వంతెన ఘనత చింగ్‌జౌ ముసలి సైనికుడిది, కొండ వంతెనల ఘనత ఆ కొండల వడ్రంగులది.